నాలుగు కుచ్చిళ్లు

పట్టుచీరలు బయటికి తీసే రోజు ప్రవీణ ఇంట్లో పాల ప్యాకెట్లు రాకముందే తాలింపు పడిపోవాలి. వెల్లుల్లి, ఇంగువ, ఎండుమిర్చి మూడూ పట్టుకు పగవాళ్లు. ఆ వాసన జరీ పోగుల్లోకి దూరి, బుద్ధిమంతురాలిలా కూర్చుని, తీరా పెళ్లి పందిట్లో కట్టుకున్నామె ఒంటి వేడికి బయటపడి పరువు తీస్తుంది. అందుకే పప్పు, కూర, అత్తమ్మకు జొన్నరొట్టె, కూతురి టిఫిన్ డబ్బా అన్నీ ముగించి, కిటికీలు తెరిచి, గట్టు తుడిచి, పడకగది తలుపు కింద సందులో తడి తువ్వాలు అడ్డం పెట్టాకే ఆమె పని మొదలవుతుంది. అప్పటిదాకా చేసిందంతా పని కాదా అని అడిగేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ ఆదివారం కూడా పొయ్యి ఆర్పి వచ్చేసరికి నగేశ్ బనియన్ మీద లేచి కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. "ఇయ్యాల చేపల పులుసు పెట్టు. శైలేందర్ ఒస్తుండు," అన్నాడు తల ఎత్తకుండానే.

"లోపల రెండు పెళ్లిళ్ల చీరలున్నయ్. నీసు వాసన పట్టుకుంటది."

"చీరలు తింటయా? తినేటోళ్లం మనుషులం గదా," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు.

నగేశ్ చెడ్డవాడు కాడు. ఇది ప్రవీణ పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, ఇరుగూ పొరుగూ అందరూ కలిసి ఎన్నో ఏళ్లుగా ఆమెకు చెబుతూ వస్తున్న మాట. తాగడు, కొట్టడు, కూతురంటే ప్రాణం. హయత్‌నగర్‌లో మొబైల్ షాపు పెట్టి మూసేసిన తర్వాత కూడా ఇంట్లో ఎవరి మీదా అరవలేదు. ఇంత మంచివాడి మీద కోపం తెచ్చుకోవాలంటే ఆడది ఎన్నిసార్లు తనను తాను సంజాయిషీ అడుక్కోవాలో మంచివాళ్ల పెళ్లాలకే తెలుసు.

షాపు మూతపడ్డ ఏడే ప్రవీణ ఈ పని మొదలుపెట్టింది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఆఖరి స్టేషన్ దిగి, విజయవాడ బస్సుల కోసం మూటాముల్లెతో నిలబడ్డ జనాన్ని దాటుకుని లోపలి సందులోకి తిరిగితే, రెండు గదుల కిరాయి ఇల్లు వాళ్లది. మంచం మీద ప్లైవుడ్ పలక, దాని మీద పాత దుప్పటి, ఆపైన తెల్లటి బట్ట పరిస్తే అదే ఆమె షాపు. చీర కట్టుకోవడం రానివాళ్లు, వచ్చినా ఓపిక లేనివాళ్లు, పెళ్లి హడావిడిలో పది నిమిషాల్లో తయారవ్వాలనుకునేవాళ్లు చీరలు తెచ్చిస్తారు. ఆమె కుచ్చిళ్లు ముందే పెట్టి, కొంగు మడతలు సర్ది, గుండుసూదులు గుచ్చి, పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేసి, డబ్బాలో పట్టేలా మడిచి ఇస్తుంది. తీసి చుట్టుకుని, దోపుకుంటే చాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొనుక్కుని అటునుంచటే ఆమె ఇంటికి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

మధ్యాహ్నం అన్నం తినగానే నగేశ్‌కు కునుకు పడాలి. అప్పుడు సగం సర్దిన కుచ్చిళ్లను రెండు చేతుల మీదా పడుకోబెట్టి ప్రవీణ హాల్లోకి తెచ్చుకుంటుంది. ఆయన లేచాక మళ్లీ మొదటి నుంచీ సర్దుతుంది. "షాపులకు లంచ్ బ్రేక్ ఉండదా ఏంది," అంటాడు ఆయన, ఆవులిస్తూ.

అత్త అండాలుది ఇంకో తీరు. మొదట్లో, "ఇంటి కోడలు ఊరోళ్ల బట్టలకు ఇస్త్రీ చేసుడేంది? మన ఇంటా వంటా ఉన్నదా?" అని చుట్టాలొస్తే పడకగది తలుపు దగ్గరికి వేసేసేది. ఆ ఇస్త్రీ మీదే కిరాయి, పాప స్కూలు, తన మోకాళ్ల మందులు నడుస్తున్నాయని తెలిశాక తలుపు తెరిచే ఉంచింది గానీ, మాట మార్చింది. "మా కొడుకు బిజినెస్ పెట్టిండు," అంటుంది ఇప్పుడు. విజిటింగ్ కార్డు కూడా అలాగే అచ్చయింది. పైన 'అండాలు శారీ ప్లీటింగ్'. కింద 'ప్రొప్రైటర్: నగేశ్'. ప్రవీణ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. వెనకాల ఖాళీగా ఉంది. "తల్లి పేరు కలిసొస్తది," అన్నాడు నగేశ్. కలిసొచ్చేది ఎవరికో ఆమె అడగలేదు. అడగకపోవడం ఆమెకు బాగా అలవాటైన పనుల్లో ఒకటి.

ఈ పనిలో చీర కన్నా ముందు కొలత రావాలి. లంగా బొందె ఎక్కడ కట్టుకుంటారో అక్కడ నడుము చుట్టుకొలత, చెప్పులు వేసుకుని నిలబడితే ఉండే ఎత్తు. కొందరు లంగా, జాకెట్ మీద ఫోటో కూడా పంపిస్తారు. ఒంటి తీరు తెలిస్తేనే కొంగు ఎక్కడ పడాలో తెలుస్తుంది మరి. చీర పొడవు అందరికీ ఒకటే. చుట్టుకు ఎక్కువ పోతే కుచ్చిళ్లకు తక్కువ మిగులుతుంది. సన్నటి పిల్లకు ఎనిమిది పడితే, ఒళ్లు చేసినామెకు ఐదు పడతాయి. అందుకని చాలామంది కొలత తగ్గించి చెబుతారు. ప్రవీణ ఏమీ అనదు. చూడగానే తెలుసుకుని, అబద్ధం కొలతకు నిజం కుచ్చిళ్లు పెట్టి పంపిస్తుంది. వాళ్లు ఇంటికెళ్లి కట్టుకుని, సరిగ్గా సరిపోయిందని మురిసిపోతారు. ఆడవాళ్లు తన దగ్గరికి వచ్చేది ఇస్త్రీ మడతల కోసం కాదనీ, తమ ఒంటి సంగతి తెలిసి కూడా నోరు విప్పని మనిషి కోసమనీ ఆమెకు చాలా తొందరగానే అర్థమైంది. ఆ నమ్మకం చూస్తే ఆమెకు గర్వంగా ఉండేది. పెళ్లయ్యాక తనకంటూ గర్వపడ్డది అదొక్కటే.

ఒక్క సూర్యప్రభ మాత్రం మొదటిసారే నిజం చెప్పింది. తణుకు వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక ఒళ్లు వచ్చి, చీరలన్నీ బీరువాలో పెట్టేసి కుర్తాల్లోకి దిగిపోయింది. చెల్లెలి కూతురి పెళ్లికి చీర కట్టుకోక తప్పలేదు. వాయిస్ మెసేజ్ పెట్టింది. "ప్రవీణా, ఫోటో పెట్టాను, కొలత ఉన్నది ఉన్నట్టే చెబుతున్నానమ్మా. మా ఆయనక్కూడా తెలీదిది. నీ దగ్గరే ఉంచు, ఏం?"

ఆ చీరకు నాలుగు కుచ్చిళ్లే వచ్చాయి. ప్రవీణ రెండు రోజులు దాంతో కుస్తీ పట్టింది. కుచ్చిలి వెడల్పు తగ్గించి, ప్రతి మడతలోపల ఇంకో చిన్న మడత దాచి, పైనుంచి చూస్తే ఆరు ఉన్నట్టు కనిపించేలా సర్దింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, దూరంగా నిలబడి చూసుకుని, ఎవరూ లేని గదిలో తనలో తనే నవ్వుకుంది.

అప్పటికే ప్రవీణ ఫోన్ నగేశ్ చేతిలోకి వెళ్లి కొన్ని నెలలైంది. వెళ్లినట్టు కూడా తెలియకుండా వెళ్లింది. "ఇస్త్రీ నడుమల ఫోన్ ఎత్తితే చీర కాల్తది. నేను చూస్కుంట, నువ్వు పని చూస్కో," అన్నాడు. నిజంగానే సాయం అనుకుంది. కొలతలు చీటీల మీద రాసి తెచ్చి ఇచ్చేవాడు, గేటు దగ్గర చీరలు తీసుకునేవాడు, డబ్బాలు అందించేవాడు. వచ్చినవాళ్లకు కుర్చీ వేసి, తన కార్డు ఇచ్చేవాడు. మొబైల్ షాపు పోయాక వంగిపోయిన మనిషి మళ్లీ నిటారుగా నడుస్తున్నాడని ప్రవీణకు సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

మొన్న బుధవారం సూర్యప్రభ వచ్చింది. ఫోన్ చేయకుండా, నగేశ్ ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. చేతిసంచిలోంచి ఆ చీర తీసి పలక మీద పెట్టింది. పిన్నులన్నీ తీసేసి, మామూలు మడత పెట్టి ఉంది.

"బాలేదా అక్కా?" అంది ప్రవీణ.

"చాలా బావుంది. నేనే పాడు చేసుకున్నాను, నీకు నిజం చెప్పి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో లెక్క వివరించినట్టు చెప్పుకుపోయింది. "చీర పట్టుకెళ్లడానికి మా ఆయన వచ్చారు కదా. మీ ఆయన గేటు దగ్గర చెప్పాడట. మీ మేడంకి కుచ్చిళ్లు నాలుగే పడ్డాయి సార్, మా ఆవిడ వాటిని ఆరు చేసింది, అలా ఉంటుంది మా పనితనం అని. పెళ్లిలో ఫోటోలకి నిలబడ్డాం. అందరూ చీర భలే కట్టావంటున్నారు. ఎన్నాళ్లకో నాకూ బానే ఉన్నాననిపించింది. అప్పుడు మా ఆయన అన్నారు, కనిపించేవి ఆరు గానీ ఉన్నవి నాలుగేనండోయ్, ప్రొప్రైటరే చెప్పాడూ అని. మా తోడికోడళ్లు, వాళ్ల పిల్లలు, పురోహితుడితో సహా నవ్వారు. నేనూ నవ్వాననుకో. ఏం చేస్తాం?"

ప్రవీణ ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపేసింది.

"ఒక్కటే అడుగుదామని వచ్చాను. నువ్వే చెప్పావా ఆయనకి?"

"లేదక్కా. నా తోడు, నా బిడ్డ తోడు, నేను చెప్పలేదు."

"మరి నేను మెసేజ్ పెట్టాక 'నా మీద నమ్మకం ఉంచు అక్కా' అని జవాబు పెట్టావు కదా?"

ప్రవీణ అటువంటి జవాబు ఏదీ పెట్టలేదు. ఆ సంగతి ఆమె ముఖం చూసి సూర్యప్రభకు తెలిసిపోయింది. తెలిశాక ఆమె చేసిన పని, చీరను మళ్లీ సంచిలో పెట్టుకుని, చున్నీ ముందుకు లాక్కుని కప్పుకోవడం. గదిలో ఇద్దరు ఆడవాళ్లే ఉన్నారు. అయినా కప్పుకుంది. "నా ఫోటో తీసేయించు," అని మాత్రం అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నగేశ్ స్నానానికి వెళ్లినప్పుడు ప్రవీణ ఫోన్ తెరిచి చూసింది. ప్రతి ఆడమనిషితోనూ తను మాట్లాడుతోంది. 'సరే అక్కా', 'భయపడకు చెల్లె', 'ఫోటో జర పక్కకు తిరిగి తీసి పంపు, కొంగు కోసం', 'మనం మనం ఆడోళ్లమే గదా'. తన మాటలు, తన తీరు, చివరికి తను వాడే దండం బొమ్మ కూడా. ఏ ఒక్కటీ తను రాయలేదు. ఎవరో ఒక కొత్త పెళ్లికూతురు, కడుపు మీద కాలిన మచ్చ ఉందనీ, చీర అక్కడ జారకుండా చూడమనీ రాసింది. దానికి తన పేరు మీద ఒక ఓదార్పు కూడా వెళ్లింది. ప్రవీణకు ఇంట్లోకి ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని పిలిచి, కిటికీ రెక్క తనే తీసి పెట్టినట్టు అనిపించింది.

తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చిన నగేశ్‌ను అడిగితే ఆశ్చర్యపోయాడు. తప్పు చేసి దొరికినవాడి ఆశ్చర్యం కాదది. మెచ్చుకోవాల్సింది పోయి అడుగుతోందేమిటన్న ఆశ్చర్యం.

"మొగోడు రాస్తుండంటే వాళ్లు కొలతలు చెప్తరా? అందుకే నీ లెక్కనే రాస్త. ఒక్కలు సుత పట్టలే తెలుసా?"

"సూర్యప్రభక్క ఇంటాయన, బాపిరాజు సారుకు ఎందుకు చెప్పిన్రు?"

"నిన్ను పొగిడిన గదనే! నాలుగింటిని ఆరు చేసుడు ఎవరితోని అయితది? మన పనితనం చెప్పుకోవద్దా? గంత దానికే పరేషాన్ అయితే ఎట్ల?"

అండాలు గుమ్మంలోంచి అంది, "బయటోళ్ల కోసం మొగన్ని నిలదీస్తవా బిడ్డా? వాడు దొంగతనం చేసిండా, లంగతనం చేసిండా?"

దొంగతనం అంటే ఏమిటో ప్రవీణ వాళ్లకు వివరించలేకపోయింది. మూడు రోజులు ఆ మాట మింగలేక కక్కలేక తిరిగింది. వాళ్లకు చెబితే ఒక్కరు కూడా మళ్లీ గుమ్మం తొక్కరు. కిరాయి, పాప చదువు ఎట్లా? చెప్పకపోతే మాత్రం ఎవరికేం తెలుస్తుంది? నగేశ్‌కు ఫోన్ ఇవ్వనంటే చాలదా? సూర్యప్రభ చున్నీ ముందుకు లాక్కున్న తీరు కళ్ల ముందు నుంచి కదిలితే అది చాలేదేమో.

ఈ ఆదివారం, ఆమె వద్దన్నా చేపలు వచ్చాయి. ప్రవీణ రెండు పెళ్లిళ్ల చీరలనూ మూటగట్టి బీరువాలో పెట్టి తాళం వేసి, పులుసు చేసింది. నగేశ్ స్నేహితుడు శైలేందర్ తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, సోఫాలో కూర్చున్నాడు. ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు తీసే సంగతి మాట్లాడుకుంటున్నారు. మెట్రో పిల్లర్ల పక్కన మడిగె, పెద్ద బోర్డు, ఇద్దరు ముగ్గురు పనిపిల్లలు.

"వదిన జర వాళ్లకు నేర్పిస్తే సాలు. తర్వాత ఇంట్ల రెస్టే," అన్నాడు శైలేందర్.

"కొలతల డిపార్ట్‌మెంట్ మాత్రం నాదేరా," అన్నాడు నగేశ్. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఎంగిలి పళ్లేలు ఎత్తుతున్న ప్రవీణ వాటిని మళ్లీ కింద పెట్టింది. చెయ్యి కడుక్కుని, లోపలికెళ్లి టేపు తెచ్చింది.

"జర లేవుండ్రి," అంది భర్తతో.

"ఎందుకే?"

"లేవుండ్రి."

ఆమె గొంతులో ఏముందో గానీ నగేశ్ లేచాడు. లుంగీ ముడి కింద టేపు చుట్టింది. ఆయన గబుక్కున ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ప్రవీణ తొందరపడలేదు. ఎంతసేపని బిగబడతాడు? ఊపిరి వదిలాడు, పొట్ట దాని చోటికి అది వచ్చింది. టేపు మీద అంకె ఆమె బొటనవేలి గోరు కింద ఆగింది.

"ఎంత వదినా? ఎంత?" శైలేందర్ సోఫా అంచుకు వచ్చాడు, ఫోన్ కూడా పైకి తీశాడు. "చెప్పు చెప్పు, గ్రూపుల పెడ్త!"

గుమ్మంలోంచి అండాలు కూడా మెడ చాచింది. నగేశ్ ప్రవీణ కళ్లలోకి చూశాడు. వద్దు అన్నట్టు తల చిన్నగా అడ్డంగా ఊగింది. చెవులు ఎర్రబడ్డాయి. అంటే తెలుసన్నమాట. ఇన్ని రోజులూ ఈయనకు అర్థం కాదేమో, మగవాళ్లకు ఈ బాధ తెలియదేమో అని తను సర్దిచెప్పుకుంటూ వచ్చింది. అదంతా అబద్ధం. అది ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకు బాగా తెలుసు.

ఆమె టేపు వదులు చేసి, మెల్లగా చుట్ట చుట్టుకుంది.

"నా చేతికొచ్చిన కొలత నా నోట్లకెళ్లి రాదు శైలేందర్," అంది. "మా ఆయనదైనా సరే."

టీవీ బల్ల మీద ఉన్న ఫోన్ తీసుకుంది. "ఇగ ఇది నా దగ్గరుంటది. షాపు పెట్టుకుంటే పెట్టుకోండ్రి. నేను రాను, నా చెయ్యి రాదు."

"అందరికీ చెప్తవా ఏంది? గిరాకీ మొత్తం పోతదే, ఇల్లెట్ల నడుస్తదనుకున్నవ్?" నగేశ్ వెనకాలే వచ్చాడు. శైలేందర్ ముందు గొంతు పెంచలేక పెంచాడు. "పిచ్చి లేసిందా?"

ఆ భయం ఆమెకూ ఉంది. పడకగదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుని పలక మీద కూర్చుంది. ఇల్లంతా చేపల వాసన కొడుతోంది. సూర్యప్రభ ఫోటో తీసేసింది. తర్వాత ఒక్కొక్కరివీ, అన్నీ తీసేసింది. వాళ్లందరికీ జరిగింది రాద్దామని మొదలుపెట్టి ఆగిపోయింది. రాత అయితే ఇంతకు ముందు కూడా వెళ్లింది, తన పేరు మీదే, తన దండం బొమ్మతోనే. మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంది. బయట నగేశ్ తలుపు తడుతున్నాడు. ఆ చప్పుడు కూడా వాళ్లకు వినపడితే పడనీ అనుకుంది.

"అక్కా, నేను ప్రవీణను. ఇది నా గొంతే. ఇన్ని రోజులు ఈ నంబర్ నుంచి మీకు జవాబు రాసింది నేను కాదు, మా ఆయన. మీ కొలతలు, మీ ఫోటోలు ఆయన చూసిండు. అన్నీ ఇప్పుడే తీసేసిన. నేను చూస్కోకపోవుడు నా తప్పు. మీరు మళ్ల రాకపోయినా నేనేం అనుకోను. ఒస్తే మాత్రం, తలుపు తీసేది నేనే."